స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్: ఏడుగురిలో నాలుగు ఓట్ల లెక్క

మీరు డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక శివారు నగరంలో పదకొండేళ్లుగా ఉంటున్నారు, నిరుడు అమెరికా పౌరసత్వం వచ్చింది, పిల్లలిద్దరూ అక్కడి ప్రభుత్వ బడిలోనే చదువుతున్నారు. మీ పెదనాన్నగారు ఒకప్పుడు గుంటూరులో కార్పొరేటర్‌గా చేశారు కాబట్టి ఇంటి ముందు జనం, తెల్లవారుజామున ఫోన్లు మీకు కొత్త కావు. ముందు స్కూల్ బోర్డు, తరువాత సిటీ కౌన్సిల్, వీలైతే ఆపైన మరొకటి అనుకుంటున్నానని, దీన్ని ఒక వృత్తిగా పెట్టుకోవచ్చా, మనవాళ్ల ఓట్లు సరిపోతాయా అని అడిగారు. అదే ప్రాంతంలో నేను రెండు పర్యాయాలు స్కూల్ బోర్డు ట్రస్టీగా, అంటే బోర్డు సభ్యుడిగా, ఆ తరువాత ఒక పర్యాయం కౌన్సిల్ సభ్యుడిగా పనిచేశాను. వాటన్నిటికంటే ముందు ఒకసారి ఓడిపోయాను. అప్పటి సహసభ్యులు కొందరు ఇంకా పదవుల్లో ఉన్నారు కనుక నా ఊరి పేరు చెప్పను. చట్టం గురించి చెప్పేదంతా టెక్సాస్‌కు వర్తించేదే, మరో రాష్ట్రంలో ఉన్నవారు దీన్ని యథాతథంగా తీసుకోకూడదు.

ముందు జీతం సంగతి తేల్చుకుందాం. టెక్సాస్ విద్యా చట్టం ప్రకారం స్వతంత్ర పాఠశాల జిల్లా ట్రస్టీకి జీతం లేదు. రాష్ట్రంలో ఇలాంటి జిల్లాలు వెయ్యికి పైగా ఉన్నాయి, లక్షకు పైగా విద్యార్థులున్న జిల్లా ట్రస్టీ కూడా ఉచితంగానే పనిచేస్తాడు. శివారు నగరాల కౌన్సిళ్లలో ఏదో గౌరవ వేతనం ఉంటుంది కానీ అది పెట్రోలుకూ, హాజరు కావలసిన విందుల టిక్కెట్లకూ సరిపోతే గొప్ప. నేను ఆ తొమ్మిదేళ్లూ రిచర్డ్‌సన్ టెలికాం కారిడార్‌లో ఇంజినీరు ఉద్యోగం చేస్తూనే పదవిలో ఉన్నాను, ఇంటి రుణం ఆ ఉద్యోగమే కట్టింది. అందువల్ల ‘వృత్తి’ అన్న మాటను మీరు ఇక్కడే పక్కన పెట్టేయడం మంచిది. ఇది ఉద్యోగం తరువాత మిగిలిన సాయంత్రాలతో చేసే పని, ఆ సాయంత్రాలు ఎవరివో మీ ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

ఇక మీ పెదనాన్నగారి అనుభవం మీకు ఎక్కడ ఉపయోగపడుతుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో చెబుతాను. మన ఊళ్లలో కార్పొరేటర్ అంటే పని చేయించిపెట్టేవాడు. కాలువ పూడికకో, వీధిదీపానికో, పింఛనుకో ఆయన ఒక ఫోను చేస్తే ఏఈ కదులుతాడు. టెక్సాస్‌లో ట్రస్టీ అలా ఫోను చేస్తే అది తప్పు. బోర్డు అధికారం ఇవ్వకుండా ఏ సభ్యుడూ ఒంటరిగా బోర్డు తరఫున వ్యవహరించరాదని విద్యా చట్టంలోనే రాసి ఉంది. అధికారం బోర్డు అనే ఒక్క శరీరానిది. ఏడుగురు సభ్యుల్లో నలుగురు, నోటీసు ఇచ్చి జరిపిన సమావేశంలో, చేతులెత్తినప్పుడే ఆ శరీరానికి ప్రాణం వస్తుంది. మిగతా సమయమంతా మీరు కూడా మరో తల్లిదండ్రే. ఇది నాకు కాగితం మీద మొదటి నెలలోనే తెలుసు, మనసుకు ఎక్కడానికి మాత్రం ఒక ఏడాది పట్టింది.

ఆ ఏడాదిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. నా ఎన్నికలో వారాంతాలన్నీ నాతో పాటు ఇంటింటికీ తిరిగిన ఒక తెలుగు మిత్రుడు ఆగస్టు మొదటి వారంలో మా ఇంటికి వచ్చాడు. వాళ్లు కొత్తగా కొన్న ఇల్లు రోడ్డుకు అవతలి వైపు పడడంతో, పెద్దమ్మాయికి తాను కోరుకున్న హైస్కూల్ కాకుండా మరో హైస్కూల్ హద్దు వర్తించింది. “అన్నా, నీ చేతిలో పనే కదా, ప్రిన్సిపాల్‌కు ఒక్క మాట చెప్పు” అన్నాడు. బదిలీ దరఖాస్తు ఎక్కడ పెట్టాలో, ఎవరు నిర్ణయిస్తారో చెప్పాను. అంతకుమించి ఒక్క మెయిల్ కూడా రాయలేనన్నాను. మా ఆవిడ తెచ్చిన కాఫీ అతను ముట్టుకోలేదు. తరువాతి ఎన్నికలో అతని గేటు దగ్గర నా ప్రచార బోర్డు కనిపించలేదు. దీనికి మీరు సిద్ధపడాలి. మనవాళ్లు ఓటు వేసేటప్పుడు కార్పొరేటర్‌ను ఎన్నుకుంటున్నామనుకుంటారు, గెలిచాక మీరు ట్రస్టీగా ఉండాలి.

మరి ట్రస్టీ చేసే పని ఏమిటి? నిజానికి బోర్డు నేరుగా నియమించి, ఏటా పనితీరు చూసేది ఒక్క ఉద్యోగిని, సూపరింటెండెంట్‌ను. ఆ ఒప్పందం చట్టం ప్రకారం ఐదేళ్లకు మించకూడదు. ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్లు, బస్సు డ్రైవర్లు అందరూ ఆ ఒక్కరి కింద పనిచేస్తారు. మీకు ఒక ఉపాధ్యాయురాలి మీద ఫిర్యాదు వస్తే మీరు విచారించరు, ఫిర్యాదుకున్న దారి చూపిస్తారు. ఎందుకంటే అది మెట్లెక్కి చివరకు బోర్డు ముందుకు అప్పీలుగా రావచ్చు, అప్పటికే మీరు ఒక పక్షం కథ విని ఉంటే న్యాయంగా తేల్చలేరు. సూపరింటెండెంట్‌ను ఎంచుకోవడం, విధానాలు రాయడం, బడ్జెట్, పన్ను రేటు, బాండ్ అంటే భవనాల కోసం చేసే అప్పు, ఏ ఇంటికి ఏ బడి అన్న హద్దులు: బోర్డు పని అంతా ఈ కొద్దిపాటి మాటల్లో ఉంది. ఇందులో బడ్జెట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అభ్యర్థుల్లో నూటికి తొంభై మందికి ఇది తెలియకుండానే ప్రచారం ముగుస్తుంది.

మీ ఇంటి విలువ పెరిగింది, పాఠశాల పన్ను పెరిగింది, కనుక బడికి డబ్బు పెరిగి ఉండాలని మీరనుకుంటున్నారు కదా? అలా కాదు. జిల్లాకు ప్రతి విద్యార్థి పేరిట ఎంత రావాలో ఆస్టిన్‌లోని శాసనసభ ఒక సూత్రంతో నిర్ణయిస్తుంది. ఆ సూత్రానికి పునాది అయిన మూల మొత్తం 2019 లో 6,160 డాలర్లయింది, 2025 దాకా అది కదలలేదు, ఆ ఏడాది చట్టంతో 55 డాలర్లు పెరిగింది. ఈ మధ్య కాలంలో డీజిల్, బీమా, జీతాలు ఎంత పెరిగాయో మీకు తెలియనిది కాదు. స్థానికంగా ఆస్తి విలువలు పెరిగితే ఆ మేరకు రాష్ట్రం తన వాటా తగ్గించుకుంటుంది. ఇంకా పెరిగితే సూత్రం కంటే మించిన సొమ్మును జిల్లా రాష్ట్రానికి తిరిగి కట్టాలి. ఉన్నవారి దగ్గర తీసి లేనివారికి పంచిన కథల దొంగ పేరుతో జనం దీన్నే రాబిన్ హుడ్ అంటారు. ఎడ్జ్‌వుడ్ కేసులో 1989 లో టెక్సాస్ సుప్రీంకోర్టు బడులకు నిధులిచ్చే పాత పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పాక, 1993 లో ఈ ఏర్పాటు వచ్చింది. డాలస్ శివారులోని ప్లేనో జిల్లా ఏళ్ల తరబడి ఇలా భారీగా కడుతున్న జిల్లాల్లో ఒకటి. పేద జిల్లాల పిల్లలకు ఇది చేసిన మేలును నేను కాదనను, కానీ పన్ను పెరిగిందని కోపంగా మైకు ముందుకొచ్చిన ఇంటి యజమానికీ, జీతం పెరగలేదని కోపంగా వచ్చిన ఉపాధ్యాయురాలికీ ఒకే సాయంత్రం ఈ లెక్క వివరించవలసిన దురదృష్టం ట్రస్టీది.

పన్ను రేటులో రెండు భాగాలుంటాయి. జీతాలకూ కరెంటుకూ వాడేది ఒకటి, బాండ్ల అప్పు తీర్చేది రెండోది. మొదటిదాన్ని ఒక హద్దు దాటించాలన్నా, కొత్త బాండ్లు జారీ చేయాలన్నా ఓటర్ల ఆమోదం కావాలి. 2019 నుంచి పాఠశాల బాండ్ బ్యాలెట్ మీద ‘ఇది ఆస్తి పన్ను పెంపు’ అని పెద్ద అక్షరాల్లో ముద్రించి తీరాలి, రేటు ఒక్క సెంటు కూడా పెరగకపోయినా సరే. ప్లేనో పక్కనే ఉన్న ఫ్రిస్కో చరిత్ర చూడండి. ఆ నగర జనాభా 2000 లో 33,714, 2010 లో 1,16,989, 2020 లో 2,00,509. బడులు కట్టడమే ఆ జిల్లాకు ఇరవై ఏళ్ల పని. అలాంటి చోట 2016 ఆగస్టులో నిర్వహణ రేటును 13 సెంట్లు పెంచమని అడిగితే ఓటర్లు తిరస్కరించారు. 2018 నవంబరులో పన్ను ప్రతిపాదననూ, 691 మిలియన్ డాలర్ల బాండ్‌నూ ఆమోదించారు. 2024 నవంబరులో మళ్లీ అడిగితే ప్రతిపాదనలన్నిటినీ ఓడించారు. ఒకే ఊరు, దాదాపు ఒకే రకమైన తల్లిదండ్రులు. బోర్డులో కూర్చున్నవారు తెలివైనవారు కాకపోవడం వల్ల ఇలా జరిగిందని నేననుకోను. ఊరు మొదటి తరం నుంచి రెండో తరానికి మారుతుంది, పిల్లలు కాలేజీకి వెళ్లిపోయిన ఇళ్లు పెరుగుతాయి, ఆ ఇళ్లవారు ఓటు వేయడం మాత్రం మానరు.

ఎదిగిన ఊరిలో తరువాత వచ్చేది బడి మూసివేత. ప్లేనో బోర్డు 2024 జూన్‌లో రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్ స్కూళ్లను మూసివేయాలని నిర్ణయించింది, పిల్లల సంఖ్య తగ్గడమే కారణం. కొత్త భవనం రిబ్బను కత్తిరించే ఫోటోలు చూసి బోర్డుకు పోటీ చేసేవారు, తాము ఎత్తవలసిన చెయ్యి మూసివేతకు కావచ్చని ముందే తెలుసుకోవాలి. నా రెండో పర్యాయంలో మేమూ ఒక బడి విషయంలో అలాంటి ఓటే వేశాం. ఆ రాత్రి మాట్లాడేందుకు ఎనభై మంది పేర్లిచ్చారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, మైకు పక్కన చిన్న దీపం పచ్చ నుంచి పసుపుకు, ఎరుపుకు మారుతుంది. మూడో తరగతి పిల్ల ఒకతె తన బడి తోటలో నాటిన గులాబీ గురించి రాసుకొచ్చిన కాగితం చదువుతుండగా ఎర్రదీపం వెలిగింది. అధ్యక్షురాలు పిల్లను ఆపలేదు, మేమెవరమూ అధ్యక్షురాలి వైపు చూడలేదు. రాత్రి ఒంటిగంట దాటాక ఐదుకు రెండు ఓట్లతో మూసివేత నెగ్గింది. నేను ఐదుగురిలో ఒకణ్ని. లెక్కలు ఇప్పుడు చూసినా నా ఓటు అదే. ఆ గులాబీ మొక్కను ఎక్కడికైనా మార్చారో లేదో మాత్రం నేను కనుక్కోలేదు.

ఇప్పుడు మీ మెట్ల లెక్కకు వస్తాను. బోర్డులో ఉంటూ కౌన్సిల్‌లోనూ ఉండొచ్చా అన్న ప్రశ్నకు సమాధానం దాదాపు వందేళ్ల కిందటే వచ్చింది. 1927 నాటి అబర్నాథీ పాఠశాల జిల్లా కేసులో, ఒకే ప్రాంతంలో నగర కౌన్సిల్ సభ్యత్వమూ పాఠశాల ట్రస్టీ పదవీ పరస్పరం పొసగవని, రెండో పదవిని స్వీకరిస్తే మొదటిది ఖాళీ అయినట్లేనని తేల్చారు. కారణం సులభం: బడి స్థలం, రోడ్డు, నీరు, డ్రైనేజీ విషయాల్లో నగరమూ జిల్లా ఒకదానికొకటి ఎదురు నిలవవలసి వస్తుంది. మరో చిక్కు కౌన్సిల్‌కు వెళ్లాక ఎదురవుతుంది. రెండేళ్లకు మించిన పదవీకాలం ఉన్న నగర సభ్యులు, తమ గడువు ఒక ఏడాదీ ముప్పై రోజుల కంటే ఎక్కువ మిగిలి ఉండగా మరో పదవికి అభ్యర్థిత్వం ప్రకటిస్తే, రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఉన్న పదవికి రాజీనామా చేసినట్లే. విందులో ఉత్సాహంగా “వచ్చేసారి శాసనసభకు నిలబడుతున్నా” అని మైకులో అనడం కూడా ప్రకటన కిందికి రావచ్చు, ఆ మాట జాగ్రత్త.

కౌన్సిల్ స్వభావం బోర్డుకు భిన్నంగా ఉంటుంది. ఇక్కడా రోజువారీ పరిపాలన కౌన్సిల్ నియమించిన అధికారి అయిన సిటీ మేనేజర్‌దే, మేయర్ కూడా ఏడుగురిలో ఒక ఓటే, గుంటలు పూడ్చమని రోడ్డు విభాగానికి మీరు ఆజ్ఞ ఇవ్వలేరు. కానీ డబ్బు వేరేగా నడుస్తుంది. టెక్సాస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం దాకా ఉండొచ్చు, అందులో 6.25 రాష్ట్రానిది, మిగిలిన రెండు శాతం స్థానికం. డార్ట్ రవాణా సంస్థలో సభ్యులైన ప్లేనో, ఇర్వింగ్ వంటి నగరాల్లో ఆ రెండిట్లో ఒకటి డార్ట్‌కు వెళ్తుంది. సభ్యత్వం లేని ఫ్రిస్కో ఆ ఒక్క శాతాన్ని అభివృద్ధి కార్పొరేషన్లకు పెట్టింది, అక్కడి క్రీడా మైదానాలూ ఆఫీసు భవనాలూ చూస్తే ఆ తేడా కంటికి కనిపిస్తుంది. ఆస్తి పన్ను మీద మాత్రం 2019 చట్టం పట్టు బిగించింది. అంతకుముందు ఉన్న ఆస్తుల మీద ఆదాయం ఏటా 8 శాతం పెరిగేదాకా ఓటర్లను అడగనక్కర్లేదు, ఇప్పుడా హద్దు 3.5 శాతం. జీతాల ఖర్చులో పెద్ద వాటా పోలీసు, అగ్నిమాపక విభాగాలదే అయిన నగరానికి ఇది ఇరుకు చొక్కా.

అయితే కౌన్సిల్ సభ్యుడిని జనం గుర్తుంచుకునేది జోనింగ్ ఓట్లతోనే, అంటే ఏ స్థలంలో ఏమి కట్టవచ్చో తేల్చే ఓట్లతోనే. ఖాళీ పొలంలో అపార్టుమెంట్లు కట్టాలని దరఖాస్తు వస్తే 200 అడుగుల లోపు ఉన్న యజమానులకు నోటీసులు వెళ్తాయి. ఆ పరిధిలోని భూమిలో 20 శాతానికి యజమానులైనవారు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే కౌన్సిల్‌లో నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలన్నది పాత నియమం, అంటే ఏడుగురిలో ఆరుగురు. 2025 లో శాసనసభ గృహనిర్మాణం విషయంలో ఈ అడ్డును బాగా సడలించింది. నేనున్న కాలంలో పాత నియమమే నడిచింది. ఒకసారి అభ్యంతరం చెప్పినవారిలో సగం మంది మన తెలుగువారే. పదేళ్ల కిందట అపార్టుమెంట్లలో అద్దెకుండి, అక్కడే పిల్లల్ని కని, తరువాత ఇల్లు కొనుక్కున్నవారు. “అపార్టుమెంట్లవాళ్లొస్తే స్కూల్ రేటింగ్ పడిపోతుంది” అని ఒకాయన మైకులో అన్నాడు. ఆయన ఏ అపార్టుమెంట్‌లో ఉండేవాడో నాకు తెలుసు, పక్క భవనంలోనే నేనుండేవాణ్ని. నేను ప్రాజెక్టుకు అనుకూలంగా ఓటు వేశాను, ఒక్క ఓటు తక్కువై అది ఓడిపోయింది. ఆ స్థలం చాలా కాలం ఖాళీగా ఉండి, చివరకు సెల్ఫ్ స్టోరేజీ గోదాం అయింది.

మీకు ఉపయోగపడే ఒక చిన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎజెండాలోని అంశం మీద మాట్లాడే హక్కు టెక్సాస్‌లో ప్రజలకుంది, అనువాదకుడి ద్వారా మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని బహిరంగ సమావేశాల చట్టం చెబుతుంది. ఒకసారి బడి దగ్గరి క్రాసింగ్ గురించి చర్చ జరుగుతుంటే, మనవణ్ని రోజూ నడిపించుకెళ్లే ఒక మామ్మగారు చీరకొంగు సర్దుకుంటూ మైకు దగ్గరకొచ్చారు. కోడలు ఇంగ్లీషులో చెబుతుండగా ఆమె తెలుగులో, “నాయనా, ఆ పచ్చదీపం నాకు సగం రోడ్డే సరిపోతుంది” అన్నారు. ట్రాఫిక్ ఇంజినీరు మూడు స్లైడ్లలో చెప్పలేకపోయింది అదే. కౌన్సిల్ ఆ సిగ్నల్ సమయాన్ని మళ్లీ కొలవమంది. ఆరు నిమిషాలు ఇస్తే ఆమె వాడుకున్నది రెండు.

ఇక ఎన్నిక. మన ప్రాంతంలో ఈ పోటీలు ఎక్కువగా మే మొదటి శనివారం జరుగుతాయి, పార్టీ గుర్తులుండవు. నమోదైన ఓటర్లలో పది శాతం వస్తే బాగా వచ్చినట్లే. ‘మనవాళ్ల ఓట్లు సరిపోతాయా’ అన్నారు కదా, లెక్కకు సరిపోవచ్చు కూడా, కానీ మనవాళ్లు బూత్‌కు రారు. పౌరసత్వం లేనివారు ఎందరో, ఉన్నవారిలో నమోదు కానివారు ఎందరో, నమోదైనా నవంబరులో అధ్యక్ష ఎన్నికకు తప్ప రానివారు ఎందరో. నా మొదటి పోటీలో నేను ఉగాది వేడుకల్లోనూ, గుడిలోనూ, బతుకమ్మ ఆటల దగ్గరా చేసిన కరచాలనాలన్నీ ఓట్లేననుకున్నాను. 212 ఓట్లతో ఓడిపోయాక ఓటర్ల జాబితా కొని, నేను కలిసినవారి పేర్లు ఒక్కొక్కటే వెతికాను, ఓటు వేసినవారు ఐదుగురికి ఒక్కరు కూడా లేరు. రెండోసారి పద్ధతి మార్చాను. గత మూడు మే ఎన్నికల్లో ఓటు వేసినవారి జాబితా పట్టుకుని ఆ ఇళ్ల తలుపులే తట్టాను. వారిలో చాలామంది పదవీ విరమణ చేసిన తెల్లవాళ్లు, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి పన్ను గురించి, నీటి బిల్లు గురించి గంట సేపు అడిగినవాళ్లు. మనవాళ్ల దగ్గరికి కూడా వెళ్లాను, అయితే ఓటు అడగడానికి ముందు నమోదు పత్రం ఇచ్చాను.

ఏకసభ్య వార్డులా, నగరమంతా ఒకే నియోజకవర్గమా అన్నది కూడా చూసుకోండి. ఇర్వింగ్‌లో 2009 నాటి కోర్టు తీర్పు తరువాతే వార్డు పద్ధతి వచ్చింది. ఊరంతా ఓటు వేసే చోట ఒక వీధిలో పేరు తెచ్చుకుంటే చాలదు. పోలింగ్ స్థలానికి నూరడుగుల లోపు ప్రచారం నిషిద్ధం, ఆ గీతకు ఇవతల, ఎన్నిక రోజుకు ముందే ఓటు వేసే ఎర్లీ ఓటింగ్ రోజులన్నీ ఎండలో నిలబడటమే అసలు ప్రచారం. నా ప్రత్యర్థి తెచ్చుకున్న గొడుగు కింద మేమిద్దరం అరగంట నిలబడ్డ రోజు కూడా ఉంది. ఆయన నెగ్గాక నన్నే బడ్జెట్ సలహా కమిటీలో వేయించాడు. రెండేళ్ల తరువాత నేను గెలవడానికి ఆ కమిటీలో నేర్చుకున్నదే పనికొచ్చింది.

పదవిలోకి వచ్చిన మరుసటి రోజే మీరు చేయవలసిన పని ఒకటుంది, వాట్సాప్ గ్రూపుల్లోంచి బయటికి రావడం. ఏడుగురిలో నలుగురు ఒక గ్రూపులో ఉండి జిల్లా వ్యవహారం గురించి మాట్లాడుకుంటే అది నోటీసు లేని సమావేశం. ముగ్గురితో మాట్లాడి, ఆ సంగతి నాలుగో వ్యక్తికి చేరవేసినా చట్టం దాన్ని వదలదు. పాత నిబంధన అస్పష్టంగా ఉందని 2019 లో రాష్ట్ర క్రిమినల్ అప్పీళ్ల కోర్టు కొట్టేస్తే, శాసనసభ అదే ఏడాది కొత్త మాటలతో తిరిగి రాసింది. మీ సొంత ఫోన్‌లో పంపిన సందేశమైనా పదవి పనికి సంబంధించినదైతే అది ప్రజా దస్తావేజే, ఎవరైనా అడగవచ్చు. నేను రెండో ఫోను కొనుక్కున్నాను, ఆ నలభై డాలర్ల నెల ఖర్చు నాకు ఎన్నో నిద్రలేని రాత్రులను తప్పించింది.

పైకి వెళ్లే దారి గురించి. ఉంది, కానీ సన్నగా ఉంది. మనవారిలో నాకు తెలిసిన స్పష్టమైన ఉదాహరణ న్యూజెర్సీలో ఉంది. నెల్లూరులో పుట్టి చెన్నై గిండీలో ఇంజినీరింగ్ చదివిన ఉపేంద్ర చివుకుల ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌తో మొదలుపెట్టి, అక్కడే మేయరై, 2002 లో రాష్ట్ర శాసనసభలో అడుగుపెట్టారు. 2012 లో అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేసి ఓడిపోయారు, 2014 లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలోనే ఓడిపోయారు, ఆ ఏడాదే రాష్ట్ర ప్రజోపయోగ సేవల మండలికి కమిషనర్‌గా వెళ్లారు. మన ప్రాంతంలో సల్మాన్ భోజానీ యూలెస్ కౌన్సిల్‌కు 2018 లోనూ, టెక్సాస్ శాసనసభకు 2022 లోనూ ఎన్నికయ్యారు. పేర్లు చెప్పగలిగేంత మందే పైకి వెళ్లారన్నది గమనించండి. మా బోర్డులో నాతో పనిచేసినవారిలో ఒక్కరు కూడా ఆపై మెట్టెక్కలేదు. ఒకామె మళ్లీ తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘం (పీటీఏ) కోశాధికారి అయ్యారు, బడ్జెట్ ఇంకా తప్పులు లేకుండా వేస్తున్నారట. శాసనసభకు మెట్టుగా బోర్డును చూసేవారిని మిగతా ఆరుగురు మూడో సమావేశానికే పసిగడతారు, ఆ తరువాత వారి ప్రతిపాదనకు నాలుగో ఓటు దొరకడం కష్టమవుతుంది.

అందుకని ఈ మే నెలలో కాకుండా ఆపై మే నెలలో నిలబడమని నా సలహా. ఈ ఏడాది మీ జిల్లా బోర్డు వర్క్ సెషన్లకు వెళ్లండి. ఎజెండా ఇప్పుడు మూడు పనిదినాల ముందే పెడతారు, మూడు నాలుగు వందల పేజీలుంటుంది, కన్సెంట్ ఎజెండా అని ఒక్క ఓటుతో దాటేసే భాగాన్ని ముందు చదవండి, కాంట్రాక్టులన్నీ అక్కడే ఉంటాయి. బాండ్ కమిటీకో, నగరంలోని ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్‌కో దరఖాస్తు పెట్టండి. పోటీ చేయడానికి రాష్ట్రంలో పన్నెండు నెలలు, ఆ జిల్లాలో ఆరు నెలలు నివాసం ఉండాలి, ఓటరుగా నమోదై ఉండాలి. సొంత చార్టర్, అంటే సొంత పాలనా నియమావళి, ఉన్న నగరాలు కౌన్సిల్‌కు ఈ గడువును ఏడాది దాకా పెంచుకోవచ్చు. మే ఎన్నికకు నామినేషన్లు జనవరి మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్యలో ముగుస్తాయి. ఒక్క డాలరు విరాళం తీసుకోవడానికి గానీ, ఇళ్ల ముందు పాతే ఒక్క ప్రచార బోర్డు ముద్రించడానికి గానీ ముందు ప్రచార కోశాధికారి నియామక పత్రం దాఖలు చేయాలి. బోర్డుకైతే జిల్లా కార్యాలయంలో, కౌన్సిల్‌కైతే సిటీ సెక్రటరీ దగ్గర. నా మొదటి పోటీలో బావమరిది ఉత్సాహం కొద్దీ అలాంటి యాభై ప్రచార బోర్డులకు ముందే డబ్బు కట్టేశాడు, ఆ పత్రం కోసం నేను ఆఫీసు మధ్యలో వదిలేసి పరుగెత్తాను. కోశాధికారి అకౌంటెంటే కానక్కర్లేదు, రసీదులు పారేయని మనిషి అయితే చాలు.